మెట్ట ఊళ్లలో క్యాన్సర్ స్టడీ చేయాలంటే ముందు రోజులు లెక్కపెట్టండి

డాక్టరమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉదయగిరి, వింజమూరు, దుత్తలూరు వైపు పది ఊళ్లు తీసుకుని "గ్రామీణ మహిళలు క్యాన్సర్ చికిత్సకు ఆలస్యంగా ఎందుకు వస్తున్నారు" అని పీజీ థీసిస్ చేయబోతున్నారు, ఊరివాళ్లను కలుపుకుని చేయమని మీ గైడ్ గారు అన్నారు, ఎవరిని కలుపుకోవాలి, ప్రశ్నాపత్రం ఎలా ఉండాలి అని అడిగారు. నేను ఏఎన్ఎంగా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను, ఉద్యోగమంతా నెల్లూరు మెట్టలోనే గడిచింది, మధ్యలో మూడు క్యాన్సర్ స్టడీలకు ఫీల్డ్ పని చేశాను. వాటిలో రెండు నాకు నచ్చలేదు. ఒకటి నచ్చింది. ఆ తేడా ఏంటో చెబితే మీకు పనికొస్తుందని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మీ టైటిల్ దగ్గరే నాకు అభ్యంతరం. "మహిళలు ఆలస్యంగా ఎందుకు వస్తున్నారు" అని అడిగితే ఆలస్యం చేసేది వాళ్లేనని మీరు ముందే తేల్చేసినట్టే కదా. నేను పనిచేసిన మొదటి స్టడీ అలాంటిదే. ఒక కాలేజీ వాళ్లు వచ్చి ఆరు పేజీల ఫారం ఇచ్చారు. క్యాన్సర్ అనే మాట విన్నారా, అంటుకుంటుందా, దేనివల్ల వస్తుంది, రొమ్ము సొంతంగా చూసుకుంటారా, అన్నిటికీ అవును, కాదు, తెలియదు. రోజుకు ముప్పై ఫారాలు నింపేవాళ్లం. చివరికి రిపోర్టులో "అవగాహన లోపమే ప్రధాన కారణం" అని రాశారు. అడిగిందంతా అవగాహన గురించే అయినప్పుడు ఇంకేం తేలుతుంది?

ఆ ఫారాల్లో ఒకటి పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే ఒకామెది. నలభై ఆరేళ్లు ఉంటాయి. "రొమ్ములో గడ్డ ఉందా" అన్న చోట టిక్ పెట్టింది నేనే. ఫారం పైకి వెళ్లిపోయింది. ఆమెను ఎక్కడికి పంపాలో నాకు ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టుంటుంది. చాలా నెలల తర్వాత ఆమె ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చాక ఒక మధ్యాహ్నం ఇద్దరం అరుగు మీద కూర్చుని వెనక్కి లెక్కేశాం. గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి కోడలితో చెప్పేదాకా 9 రోజులు. ఊళ్లో ఆర్‌ఎంపీ "వేడి గడ్డ, కరిగిపోద్దిలే" అని మాత్రలు, ఇంజెక్షన్లు ఇచ్చింది 24 రోజులు. టౌన్లో సూది పరీక్ష చేయించి రిపోర్టు చేతికి రావడానికి 16. ఆ రిపోర్టు ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పినాయన సరిగా చెప్పలేదు, అది ట్రంకుపెట్టెలో పడి ఉన్నది 27. ఆధార్‌లో ఇంటిపేరు ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి ఉంటే సరిచేయించుకోవడానికి 38. ఆపరేషన్‌కి తేదీ దొరకడానికి 20. మొత్తం 134 రోజులు, అందులో ఆమె చేతిలో ఉన్నది మొదటి 9 మాత్రమే. నేను ఆ టిక్ పెట్టింది 21వ రోజున. ఇంకో 113 రోజులు మిగిలి ఉండగా నేను వాళ్లింటికి వెళ్లి, చూసి, రాసుకుని వచ్చేశాను.

అందుకే నా మాట ఇది. ఎందుకని అడగొద్దు, ఎన్ని రోజులని అడగండి. ఎందుకని అడిగితే పెద్ద డాక్టరమ్మ ముందు తప్పు తమ మీదే వేసుకుంటారు, "తెలివిలేనోళ్లం తల్లీ" అంటారు, మీరు అదే రాసుకుంటారు. ఎన్ని రోజులని అడిగితే కథ మొత్తం బయటికి వస్తుంది. మీ థీసిస్‌లో కొలత కావాలంటే దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీటురాయి కూడా ఉంది. 2021లో మొదలుపెట్టిన రొమ్ము క్యాన్సర్ కార్యక్రమంలో, వైద్య సిబ్బందికి మొదట చూపించుకున్న రోజు నుంచి 60 రోజుల్లోపు జబ్బు ఏంటో తేలాలి, రోగుల్లో 80 శాతం మంది చికిత్స పూర్తిచేయాలి అన్నారు. మీ పది ఊళ్లలో ఆ 60 దాటినవాళ్లు ఎంతమంది, ఏ మెట్టు దగ్గర దాటింది అన్నది చూపించండి చాలు.

తేదీలు ఎవరికీ గుర్తుండవని భయపడకండి. క్యాలెండర్ తేదీ అడిగితే గుర్తుండదు గానీ ఊరి గుర్తులతో అడిగితే కచ్చితంగా చెబుతారు. సంక్రాంతికి ముందా తర్వాతా, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కాలుస్తున్నప్పుడా, పొగాకు వేలానికి డీసీపల్లి పోయిన వారమా, పెంచలకోన తిరునాళ్లకా, రొట్టెల పండగకా అని అడగండి. రొట్టెల పండగ మొహర్రం నెలలో వస్తుంది, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, కాబట్టి ఏ సంవత్సరమో చూసుకుని తేదీ వేసుకోండి. ఇంట్లో బస్ టికెట్లు, మందుల చీటీలు, స్కానింగ్ కవర్లు ఒక క్యారీ బ్యాగులో పెట్టి చూరులో దోపి ఉంటాయి. ఆ బ్యాగు తెమ్మని అడగండి, అందులో సగం థీసిస్ ఉంటుంది.

ఇక ఊరివాళ్లను కలుపుకోవడం. మన దేశంలో దీనికి మంచి పాఠం మహారాష్ట్ర సోలాపూర్ జిల్లాలో బార్షీది. 1987లో అక్కడ దేశంలోనే మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టారు. పట్నంలో అయితే ఆస్పత్రి రికార్డులు తిరగేస్తే కేసులు దొరుకుతాయి, అక్కడ చాలామంది అసలు ఆస్పత్రికే రావట్లేదు. అందుకని రిజిస్ట్రీ సిబ్బంది ఊరూరా తిరిగి జనంతో కూర్చుని, లక్షణాలు ఏంటో చెబుతూ కేసులు వెతికారు. కొన్నేళ్లకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌తో వచ్చేవాళ్లు ముందుకన్నా తొలి దశల్లోనే రావడం కనిపించింది. కేసులు లెక్కపెట్టడానికి వెళ్లిన మనుషులు జనంతో మాట్లాడినందుకే అంత మార్పు వచ్చిందమ్మా.

మన జిల్లాలో అయితే ఇంకా దగ్గరి పాఠం ఉంది. మీరు వెళ్లబోయే వింజమూరుకు పక్కనే కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో అక్షర దీపం రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదువు నేర్చుకుంటూ, ఇంట్లో కూలి డబ్బు ఎంత సారాకి పోతోందో మాట్లాడుకుని వాళ్లే లెక్క తేల్చుకున్నారు, అంగడి మూయించారు, దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లే తర్వాత రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టారు. ఆ తరం వాళ్లు కొందరు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లతో అక్కడే ఉన్నారు, వాళ్ల కూతుళ్లు, కోడళ్లు పొదుపు సంఘాలు నడుపుతున్నారు. లెక్కలు వాళ్లకు మనం నేర్పాల్సిన పని లేదు. మీ ప్రశ్న వాళ్ల ముందు పెట్టి "ఈ ఊళ్లో గత ఐదేళ్లలో ఈ జబ్బు వచ్చినవాళ్లు ఎంతమంది, ఒక్కొక్కరికి ఎక్కడ ఎన్ని రోజులు పోయాయి, మనమే రాద్దామా" అనండి. ఆ ఊళ్లో ఏ వారం సంఘం మీటింగ్ ఉందో కనుక్కుని ఆ రోజే వెళ్లండి, మీ కోసం విడిగా పిలిపించకండి.

కూర్చోబెట్టాల్సిన వాళ్లలో ముందు పేరు, చికిత్స అయి బతికి ఉన్నవాళ్లది. ప్రతి పెద్ద ఊళ్లో ఒకరో ఇద్దరో ఉంటారు, చాలామంది దాచుకుంటారు, ఒక్కరు ఒప్పుకున్నా చాలు. తర్వాత ఆశా, విలేజ్ క్లినిక్‌లో ఉండే అమ్మాయి, సంఘం లీడరు. ఆర్‌ఎంపీని తప్పకుండా పిలవండి. మీ కాలేజీలో దీనికి ఒప్పుకోరేమో, కానీ రాత్రి పదకొండింటికి తలుపు తట్టేది ఆయన ఇంటికే. పైన చెప్పిన 24 రోజులు ఆయన దగ్గరే పోయాయి, నిజమే, అందుకే ఆయన లేకుండా ఆ 24 తగ్గవు. రెండు వారాల మందులకు తగ్గని గడ్డ, మూడు వారాలకు మానని నోటిపుండు, ముట్లు ఆగిపోయాక కనిపించే ఎరుపు, ఈ మూడూ చూస్తే ఆయన ఎవరికి ఫోన్ చేయాలో ఒక నంబర్ ఇస్తే చాలామంది చేస్తారు. నేను చూశాను.

యానాదుల కాలనీ ఊరికి చివర ఉంటుంది, పెద్దవాళ్లతో మీటింగ్ పెడితే వాళ్లు రారు. విడిగా వెళ్లండి, వాళ్లు పనికి పోకముందు. ఆధార్, రేషన్ కార్డు సరిగా లేని కుటుంబాలు వాళ్లలో ఎక్కువ, కార్డు లేకపోతే ఆరోగ్యశ్రీ లేదు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఊళ్లో అందరూ ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు. మీ అసమానత లెక్క మొత్తంలో అతి పెద్ద అంకె ఆ కాలనీలోనే కనిపిస్తుంది, అక్కడికి వెళ్లకపోతే మీ సగటు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంకో విషయం, డబ్బు. ఆశాలకు నెలకు పది వేలు, దానికి తోడు రోజుకో కొత్త యాప్. మీ స్టడీని "సహకరించండి" అని ఊరికే వాళ్ల నెత్తిన పెట్టకండి. వాళ్ల గంటలకు డబ్బు బడ్జెట్లో చూపించండి, కూలి మానుకుని వచ్చి కూర్చునే ఆడవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వండి. పోయిన కూలి, ప్రయాణ ఖర్చు ఇవ్వడానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నైతిక మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి, ఎథిక్స్ కమిటీలో ఎవరైనా అడ్డం చెబితే అది చూపించండి.

మీరు ఫారంలో స్క్రీనింగ్ కూడా కలుపుదామా అని అడిగారు. పంపే దారి సిద్ధంగా లేకపోతే వద్దు. దారి సిద్ధంగా ఉంటే తప్పకుండా చేయండి. అవసరం ఎంత ఉందో ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, 2019–21లో దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతం, రొమ్ము పరీక్ష 0.9 శాతం. పనిచేస్తుందని మన దేశంలోనే తేలింది. మహారాష్ట్ర ఉస్మానాబాద్ పల్లెల్లో లక్షా ముప్పై వేల మందికి పైగా ఆడవాళ్లతో చేసిన స్టడీలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందా అని చూసేది) చేసిన ఊళ్లలో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కేరళలో మామూలు ఆరోగ్య కార్యకర్తలు టార్చి లైటు వేసి నోరు చూసినందుకే, పొగాకు, మందు అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి. మన పొగాకు ఊళ్లలో చుట్ట కాల్చే ముసలాయన నుంచి వక్కాకుతో పొగాకు నమిలే అవ్వ దాకా నోరు చూడటానికి టార్చి చాలు, మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయా లేదా చూడటానికి అది కూడా అక్కర్లేదు. కానీ తెల్లమచ్చ కనిపించిన మనిషిని ఏ వారం, ఏ ఆస్పత్రిలో, ఏ డాక్టర్ చూస్తారో మొదటి నోరు తెరిపించక ముందే రాసి ఉండాలి.

గర్భసంచి విషయం జాగ్రత్త. అదే సర్వేలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు, దేశం మొత్తంలో అది 3 శాతం. తెల్లబట్ట అవుతోందని వెళ్తే "తీయించకపోతే క్యాన్సర్ వస్తుంది" అని భయపెట్టి ముప్పై ఏళ్లకే తీయించిన ఆడవాళ్లను నేను ఎంతోమందిని చూశాను, వాళ్ల నడుం నొప్పులు, ఒంట్లో ఆవిర్లు విన్నాను. మీరు క్యాన్సర్ అనే మాట పట్టుకుని ఆ ఊళ్లోకి వెళ్తే ఆ భయాన్ని ఇంకోసారి కదిలిస్తారు. కాబట్టి మొదటి మీటింగ్‌లోనే తెల్లబట్ట వేరు, క్యాన్సర్‌కి ముందు దశ మచ్చ వేరు, మచ్చ ఉంటే గర్భసంచి తీయక్కర్లేకుండానే పది నిమిషాల్లో కాల్చి తీసేయొచ్చని చెప్పండి. పరీక్షకు బల్ల, లైటు, గొళ్లెం పడే తలుపు ఉన్నాయా అని విలేజ్ క్లినిక్‌కి ముందు రోజే వెళ్లి చూసుకోండి. తలుపు లేని గదిలో ఏ ఆడమనిషీ పడుకోదు, రాకపోతే మీరు "నిరాకరించింది" అని రాస్తారు. హెచ్‌పీవీ పరీక్షకైతే నమూనా ఆమే తీసుకోవచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అది సరేనంటోంది, మీ ల్యాబ్‌తో మాట్లాడి చూడండి.

అనుమతి పత్రం గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. 2009లో అప్పటి మన రాష్ట్రంలోనే ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు చేసినప్పుడు చాలామంది పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, మా మనవరాలికీ వేయించాం. తప్పు టీకాలో లేదు, అడగకుండా వేయడంలో ఉంది, ఆ ఒక్క తప్పు వల్ల ఏళ్లపాటు జనం భయపడ్డారు. మీరు వెళ్లే చోట ఇంకో చేదు కూడా ఉంది. ఫ్లోరైడ్ అని ఒకసారి, కిడ్నీలని ఒకసారి వచ్చి నీళ్లు పట్టుకెళ్లారు, రక్తం తీసుకెళ్లారు, ఏం తేలిందో మళ్లీ వచ్చి చెప్పినవాళ్లు తక్కువ. "మళ్లా వొచ్చినారా" అని ఎవరైనా కసురుకుంటే నొచ్చుకోకండి. వేలిముద్ర అంటే కూడా భయమే, బియ్యం పోతాయో, అప్పు ఎవరి పేరున పడుతుందో అని. చదువురాని మనిషికి మీ స్టడీతో సంబంధం లేని సాక్షి ఉండాలన్నది నియమం, ఆ సాక్షిని ఆమెనే ఎంచుకోనివ్వండి. కాగితం ఇంటికి తీసుకెళ్లి రేపు చెప్పమనండి. పేర్లు మాత్రం ఊరి కమిటీ పుస్తకంలో కూడా ఉండకూడదు, నంబర్లే. ఆ ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్ల ఉంటే ఈ జబ్బు పేరు బయటపడటం వాళ్లకు ఎంత పెద్ద దెబ్బో మీకు తెలియంది కాదు. పెద్దవాళ్లు రాచపుండు అంటారు, కొందరు ఆ మాట కూడా అనరు, "ఆ జబ్బు" అంటారు. మీరూ అలాగే అనండి, వాళ్లు పేరు పలికినప్పుడే మీరు పలకండి.

సగం ఊళ్లకు సాయం చేసి సగం ఊళ్లను పోల్చడానికి వదిలేద్దామని మీ డిజైన్లో ఉంది. వద్దమ్మా. ముంబై, ఉస్మానాబాద్, తమిళనాడు దిండిగల్‌లో చేసిన గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ స్టడీల మీద వచ్చిన పెద్ద వివాదం ఇదే, పోల్చడానికి ఉంచిన ఆడవాళ్లకు పరీక్ష చేయకుండా ఏళ్ల తరబడి లెక్క మాత్రం పెట్టారని. పది ఊళ్ల పేర్లు చీట్లు రాసి సంఘం ఆడవాళ్ల ముందే ఒక పాపతో తీయించండి, మొదటి రెండు ఊళ్లు ఈ నెల, ఆ తర్వాతి రెండు ఊళ్లు మూడు నెలలకు, అలా అందరికీ అందుతుంది. ఇంకా మొదలుకాని ఊళ్లే మీకు పోలిక అవుతాయి. స్టాటిస్టిక్స్ మేడం గారికి ఈ పద్ధతి తెలుసు, అడగండి.

మరణాలు తగ్గాయని చూపించాలని మాత్రం ఆశపడకండి, దానికి ఉస్మానాబాద్‌లో లక్ష దాటిన మనుషులు, ఎనిమిదేళ్లు పట్టాయి. మీకున్నది ఏడాదిన్నర. మీరు రోజులు తగ్గించి చూపించగలరు, మధ్యలో చికిత్స మానేసేవాళ్లను తగ్గించి చూపించగలరు. దీనికి ఒక మనిషి కావాలి. న్యూయార్క్ హార్లెంలో హరాల్డ్ ఫ్రీమన్ అనే సర్జన్ 1990లో పేద రోగులకు తోడుండి కాగితాలు, తేదీలు, ప్రయాణాలు చూసే మనుషులను పెట్టారు. ఉచిత పరీక్షలు, ఈ తోడు రెండూ కలిసి అక్కడ రొమ్ము క్యాన్సర్‌తో ఐదేళ్లు బతికేవాళ్లు 39 శాతం నుంచి 70 శాతానికి పెరిగారు. నాకు నచ్చిన స్టడీ అని పైన చెప్పానే, అందులో మేం చేసింది ఇదే, చిన్నగా. ఒక ఆశాని, చికిత్స అయిన ఒకామెను జంటగా పెట్టాం. కార్డులో పేరు సరిచేయించడం, రిపోర్టు ఫోటో డాక్టర్‌కి పంపించడం, నెల్లూరు రెడ్‌క్రాస్ ఆస్పత్రా, తిరుపతా, చెన్నై అడయారా అన్నది కూర్చుని మాట్లాడటం, ఇవే వాళ్ల పని. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, ఆపైన లోపలి కరెంటు. చికిత్స ఉచితమే, కానీ ఉదయగిరి నుంచి రోజూ వంద కిలోమీటర్లు ఎవరు తిరుగుతారు, అక్కడే ఉంటే గది అద్దె, తోడుండే కూతురి కూలి, ఇంటి దగ్గర గేదెలు ఎవరు చూస్తారు. పదో రోజున "బాగానే ఉంది" అని వచ్చేసేవాళ్లు గేదెల కోసమే వచ్చేస్తారు. మీ ఫారంలో గేదెల గురించి ఒక ప్రశ్న పెట్టండి.

నయం కాని దశలో దొరికినవాళ్లను లెక్కలో నుంచి తీసేయకండి. నొప్పికి మార్ఫిన్ మాత్ర ఎక్కడ దొరుకుతుందో, ఇంటికి తెచ్చుకోవడానికి ఎన్ని రోజులు పట్టిందో అది కూడా రాయండి, ఆ రోజులు అన్నిటికన్నా పొడుగ్గా ఉంటాయి.

ఫారం ఒక్క పేజీ చాలు. అడ్డంగా మెట్లు: మొదట అనుమానం, ఇంట్లో చెప్పడం, మొదట చూపించిన చోటు, పరీక్ష, రిపోర్టు, కార్డు, మొదటి చికిత్స, ఆఖరి చికిత్స. నిలువుగా మూడు గడులు: ఏ గుర్తుకు దగ్గర, ఎన్ని రోజులు, ఎంత డబ్బు. కింద ఖాళీగా నాలుగు గీతలు, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయడానికి. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని మీరు ఒక్క ఊళ్లో ఐదుగురితో నింపి, ఆ కాగితాలు పేర్లు లేకుండా పట్టుకెళ్లి సంఘం మీటింగ్‌లో చదివి వినిపించండి, ఏ గడి తప్పుగా ఉందో వాళ్లే చెబుతారు, అప్పుడు దిద్దుకుని మళ్లీ కమిటీకి పంపండి. ప్రతి మూడు నెలలకూ తేలింది ఆ ఊళ్లోనే తెలుగులో చార్టు మీద రాసి అతికించండి, థీసిస్ పూర్తయ్యేదాకా ఆగకండి.

పొగాకు నాట్లు పడక ముందే, వినాయక చవితి అయిన వారం నుంచి మొదలుపెట్టండి. జనవరి నుంచి బ్యారన్లు, గ్రేడింగ్, ఎవరూ ఇంట్లో ఉండరు, రాత్రి ఎనిమిదింటికి వెళ్తే తప్ప. ఆ నెలల్లో మీరు కూడా గ్రేడింగ్ షెడ్డుకే వెళ్లి కింద కూర్చోండి, చేతులు పని చేసుకుంటూ ఉంటే ఆడవాళ్లు ఇంట్లో చెప్పని మాటలు అక్కడ చెబుతారు.